ఒంటివాదర కత్తియు మన ప్రాంతపు నీరును

క్షౌరమును గూర్చి పాఠశాలా పత్రికయందు వ్యాసము వ్రాయుట కొందఱు చదువరులకు వింతగా తోపవచ్చును. కావ్యములను, దేశచరిత్రలను, యాత్రా విశేషములను విడిచి గడ్డము గీసికొనుటను గూర్చి చెప్పనేల యని వారు ప్రశ్నింపవచ్చును. కాని పై తరగతుల బాలురలో పలువురు ఈ యేడో, వచ్చు నేడో మొదటిసారి కత్తిని చేతబట్టవలసినవారే. ఏ పాఠ్యపుస్తకమును వారికి ఆ పని నేర్పదు. తండ్రులు సిగ్గుచేతనో, తీరికలేమిచేతనో తఱుచుగా చెప్పరు. అంగడివాడు తన సరకు అమ్ముడుపోవుటకు కావలసినంతయే చెప్పును. అదియును గాక మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములయందు నివసించు మనకు ఈ విషయమున ప్రత్యేకముగా నొక చిక్కు కలదు. అది కత్తి చిక్కు కాదు, నీటి చిక్కు. కావున ఒక్క వాదర గల కత్తులను గూర్చియు, వానికి తోడుగా నుండవలసిన నీటిని గూర్చియు నాకు తెలిసినంతవఱకు వ్రాయుచున్నాను. వాదర యనగా కత్తియొక్క తెగు అంచు.

క్షురము చాల ప్రాచీనమైన పనిముట్టు. వేదములయందే ఆ పదము కానవచ్చుచున్నది. మన తాతల కాలమున పల్లెలలో క్షౌరము నాయీబ్రాహ్మణుల వృత్తి. క్షౌరమొక్కటియే కాదు, పెండ్లిండ్లకు సన్నాయి, డోలు వాయించువారును, కురుపులకు మందు వేసి కట్టు కట్టువారును వారే. వారి స్త్రీలు కానుపులు చేయుటయు కలదు. కళ్లమునొద్ద రైతు కొలిచి యిచ్చు మేర గింజలు వారికి సంవత్సరపు జీతము. ఉదయమున ఇంటి అరుగుమీదనో, వేపచెట్టు నీడనో వారు పొది విప్పి కూర్చుండెడివారు. పొదిలో మడతకత్తులు రెండు మూడు, కత్తెర, గోరుగల్లు, చిన్న సాన, తోలుపట్టె, చేతి యద్దము, ఇత్తడి గిన్నె యుండెడివి. సబ్బు తఱుచుగా నుండెడిది కాదు. ఇది గమనింపదగిన సంగతి. ఉత్త చన్నీటితో గడ్డమును వ్రేళ్లతో తడిపి, నిమిరి, మర్దించి, మఱల తడిపి, అటుపిమ్మట గాని వారు కత్తి నెత్తెడివారు కారు. ఎదుట కూర్చున్న పడుచువానికి ఆ మర్దనము విసుగు పుట్టించియుండవచ్చును. పనియొక్క కీలకమంతయు దానియందే యున్నది.

ఏలయన, ఎండిన వెండ్రుక బిరుసైనది. అది నీటిని పీల్చుకొనినచో తన బరువులో ఇంచుమించు మూడవవంతు నీటిని లోన నిలుపుకొని, ఉబ్బి, మెత్తబడును. అట్లు మెత్తబడిన వెండ్రుకను కోయుటకు కావలసిన బలము చాలవఱకు తగ్గును. కాని నీరు లోనికి చేరుటకు కొంత కాలము పట్టును. రెండు మూడు నిమిషములైనను కావలెను. నేటి ప్రయోగశాలలయందు యంత్రములతో కొలిచి తెలిసికొనిన ఈ విషయమును పొది పట్టినవారు తరతరములుగా చేతివ్రేళ్లతో నెఱిగియుండిరి.

ఇక వారి మడతకత్తి నిర్మాణమును ఒకమాఱు పరిశీలింతము. దాని వెన్ను దళసరి. ప్రక్కలు రెండును లోనికి పల్లముగా తీయబడి, వాదరయొద్ద ఉక్కు మిక్కిలి పలుచనై యుండును. నూఱునపుడు వెన్నును వాదరను రెంటిని రాతికి తాకునట్లు బల్లపరుపుగా నుంచి, వాదర ముందుగా త్రోయుదురు. కాబట్టి ఏ కోణమున నూఱవలెనో కంటితో అంచనా వేయ నక్కఱలేదు. కత్తి వెన్నే దానిని నిర్ణయించును. తోలుమీద త్రిప్పునపుడు మాత్రము వెన్ను ముందు, వాదర వెనుక. ఈ క్రమము తాఱుమాఱైనచో తోలు తెగును, పదునును పోవును. ఇంత చిన్న పనిముట్టునందు ఇంత యోచన యిమిడియుండుట నాకు ఎల్లప్పుడును ఆశ్చర్యము కలిగించును.

కత్తులు నూఱు రాళ్లను గూర్చి మన ఊరి బాలురకు ఇంపైన మాట యొకటి చెప్పవలసియున్నది. ఐరోపాయందు క్షురములకు వాడిన ప్రసిద్ధమైన సానలలో వేల్సు దేశపు రాళ్లును, జర్మనీలోని తురింజియా రాళ్లును పలకరాతి జాతికి చెందినవే. పలకరాయి యనగా మన మార్కాపురపు రాయియే. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి పలకరాతి పొరలను కంభము పేరుతోనే వ్యవహరింతురు. అవి కడప శిలాసముదాయమున నొక భాగము. అతి ప్రాచీన కాలమున నీటియడుగున పేరుకొనిన సన్నని బురద మీది బరువునకును, భూమిలోని వేడికిని గట్టిపడి యీ రాయి యయ్యెను. అందలి రేణువులు కంటికి కానరానంత సూక్ష్మములు. ఒకప్పుడు మార్కాపురపు పలకలు దేశమందలి పాఠశాలలకు పోయెడివి. ప్లాస్టిక్ పలకలును, నోటు పుస్తకములును వచ్చిన పిదప ఆ పరిశ్రమ క్షీణించినది. అయితే పలకరాయి యంతయు సానకు పనికివచ్చునని తలంపరాదు. లోన నొక యిసుకరేణువో, ఇనుమును గంధకమును కూడిన పసుపుపచ్చని గింజయో యున్నచో క్షురపు టంచు గండిపడును. గడ్డిగోయు కొడవలికి ఆ గండి లెక్కలోనిది కాదు. చెంపపై నడుచు కత్తికి అదియే సర్వము.

ఉక్కు విషయమునను తెలుగుదేశమునకు కీర్తి కలదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమునందు మూసలలో కరగించి చేసిన ఉక్కును పారసీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారు. ఆంగ్లేయులు దానిని ‘వూట్జు’ అనిరి. అది మన ‘ఉక్కు’ శబ్దమునకు రూపాంతరమే. దక్షిణ దేశపు ఈ యుక్కును లండనులో స్టోడార్టు అను కత్తుల పనివాడు పరీక్షించి, సన్నని వాదర గల పనిముట్లకు మిక్కిలి మేలైనదని మెచ్చుకొనెను. విద్యుచ్ఛాస్త్రమున మనము నిత్యము పేరు చెప్పుకొను మైకేల్ ఫారడే ఆ స్టోడార్టుతో కలిసి 1820 ప్రాంతమున వూట్జును, ఇతర మిశ్రమ లోహములను శోధించెను. ఆ శోధనలలో పుట్టిన యుక్కుతో క్షురములు చేయించి ఫారడే తన మిత్రులకు కానుకగా నిచ్చెను. విద్యుత్తు యంత్రమునకు మూలపురుషుడు గడ్డపు కత్తిని తనకు తగని పనిగా తలంపలేదు.

మడతకత్తి ఎంత మేలైనదైనను దానిని స్వయముగా త్రిప్పుకొనుటకు నేర్పును, నిలుకడగల చేయియు కావలెను. అందుచేత నేర్పు లేనివానికిని అపాయము లేని కత్తిని చేయవలెనను కోరిక పుట్టినది. పదునెనిమిదవ శతాబ్దమున పెరే అను ఫ్రెంచి పనివాడు వాదరకు కొయ్య కాపు తొడిగెను. 1847లో హెన్సను అను ఆంగ్లేయుడు కత్తిని పారవలె పిడికి అడ్డముగా బిగించెను. 1880లో న్యూయార్కునందు కాంఫె సోదరులు పట్టా పొందిన కత్తియే ఒంటివాదర సేఫ్టీ రేజరులకు ఆదిపురుషుడని చెప్పవచ్చును. మడతకత్తి నుండి చిన్న ముక్కను కోసి, దానిని దువ్వెనవంటి కాపుగల చట్రమున నమర్చినట్లు అది యుండెను. వైద్యుడును గ్రంథకర్తయు నైన ఆలివర్ వెండెల్ హోమ్సు ఓడ ప్రయాణమున దానిని వాడి, 1887లో ప్రకటించిన తన యాత్రా గ్రంథమున ప్రశంసించెను. ఊగులాడు ఓడలో గడ్డము తెగకుండ గీసికొనుట సామాన్యము కాదు గదా!

ఆ కత్తికిని నూఱుడు తప్పలేదు. ఆ శ్రమను కూడ తొలగింపవలెనని కింగ్ జిల్లెట్ అను అమెరికా వ్యాపారి తలంచెను. కాగితమువంటి ఉక్కు రేకునకు రెండంచులను పదునుపెట్టి, మొద్దువాఱగనే పాఱవేయుటయే అతని యుపాయము. అమ్మకము మొదలైన 1903వ సంవత్సరమున అతడు అమ్మినవి 51 పిడులును 168 బ్లేడులును మాత్రమే. 1904లో పట్టా వచ్చెను. ఆ వెనుక జరిగినది లోకమునకు తెలిసినదే. వస్తువును బాగుచేసికొని వాడుటకు మాఱుగా పాఱవేయుట యను నలవాటునకు ఆ చిన్న రేకు గొప్ప ద్వారము తెఱచినదని నా యభిప్రాయము.

జిల్లెట్టు వచ్చినంత మాత్రమున ఒంటివాదర కత్తులు అంతరింపలేదు. జెమ్, ఎవర్ రెడీ అను పేర్లతో అమెరికాలో వెలువడిన కత్తులకు ఒకవైపు మాత్రమే వాదర. ఎదుటి వైపున దళసరి వెన్ను. రెండంచుల రేకు మందము మిల్లీమీటరులో పదవవంతు. ఒంటివాదర రేకు మందము దానికి రెట్టింపు మించి, ఇంచుమించు 0.23 మిల్లీమీటరు. పలుచని రేకును చట్రములో వంచి బిగించినగాని అది స్థిరముగా నిలువదు. బిరుసు వెండ్రుక తగిలినపుడు అదరుటకు అవకాశము కలదు. దళసరి రేకు తనంతట తానే నిలుచును. వాడినవారు దాని నడకయందలి నిబ్బరమును మెచ్చుకొనుటకు కారణమిదియే. వాలెట్ ఆటోస్ట్రాప్ అను కత్తిలో రేకును ఊడదీయకుండనే తోలుపట్టెను చట్రము గుండ దూర్చి ముందువెనుకలకు లాగిన పదును వచ్చెడిది. ఆ సంస్థ 1930లో జిల్లెట్టు సంస్థతో కలిసిపోయినది.

ఇంగ్లండున పుట్టిన రోల్సు రేజరు వీనియన్నింటిలో నాకు ప్రియమైనది. అది నికెలు పూతగల చిన్న పెట్టె. ఒక మూతకు తోలు, రెండవ మూతకు సాన. కత్తిని పెట్టెలోనే యుంచి పిడిని ముందువెనుకలకు నడపినచో అది తనంతట బోర్లపడుచు, వెలకిల బడుచు పదునెక్కును. అప్పుడు పుట్టు టకటక ధ్వని ఇంటిలో నిద్రించువారికి మేలుకొలుపు. ఒక్క కత్తితో ఏండ్లు గడుపవచ్చును. ఆ కంపెని 1964లో మూతపడినది గాని దాని పెట్టెలు పాత సామానులలో నేటికిని కనబడుచునే యున్నవి. అట్టిది దొరకిన యెడల తుప్పు తినకున్న వాదరయు, పగుళ్లులేని తోలును చూచుకొనవలెను. పైని మెఱుగు పోయినను బాధ లేదు. ఇటీవల పాశ్చాత్య దేశములలో దళసరి యొంటివాదర రేకులకు తగిన క్రొత్త పిడులను మఱల చేయుచున్నారు. అందమైనవే గాని వెల యెక్కువ. విద్యార్థికి తగినవి కావు.

మన బజారులలోని క్షౌరశాలలయందు వాడబడు కత్తి యేది యని చూచితిరా? అదియు నొంటివాదర కత్తియే. రెండంచుల బ్లేడును కాగితముతోనే నడుమకు విఱిచి, సగము ముక్కను మడతకత్తి ఆకారముగల పిడిలో నమర్తురు. మన పల్లెకత్తి రూపమును, జిల్లెట్టు రేకును కలిసి యిట్లు క్రొత్త పనిముట్టు పుట్టినది. పూర్వపు కత్తి ఒకటియే ఊరందఱి గడ్డములపై నడిచెడిది. కంటికి కానరాని నెత్తుటి చుక్క వాదరను అంటియుండి, ఒకని రోగము వేఱొకనికి సంక్రమించుట కలదు. హెపటైటిస్ బి యను కాలేయరోగపు సూక్ష్మజీవి శరీరము వెలుపల, ఎండిన రక్తమున సైతము ఏడు దినములు బ్రతికియుండగలదు. హెపటైటిస్ సి, ఎయిడ్సు రోగములును రక్తముచేత వ్యాపింపగలవు. తిరుమల కల్యాణకట్టయందు భక్తునికి చీటితోపాటు క్రొత్త బ్లేడుముక్క నిచ్చు పద్ధతి ఈ హేతువుచేతనే మేలైనది. కావున క్షౌరశాలకు పోయిన బాలుడు తన యెదుటనే క్రొత్త ముక్కను విఱిచి వేయుమని మర్యాదతో అడుగవలెను. అందులకు ఆ సోదరుడు నొచ్చుకొనడు. అతని ఆరోగ్యమునకును అదియే రక్ష. ఇంటియందును అన్నదమ్ములు, తండ్రికొడుకులు ఒకరి బ్లేడు నొకరు వాడరాదు. వసతిగృహములయందు ఈ మాటను మఱింత గట్టిగా చెప్పవలసియున్నది. స్నేహమునకు గుర్తుగా సబ్బును, పుస్తకమును, మిఠాయిని పంచుకొనవచ్చును గాని బ్లేడును కాదు.

బ్లేడులసంఖ్య విషయమును కొంత చెప్పవలెను. 1971లో రెండు బ్లేడుల కత్తియు, 1998లో మూడింటిదియు, 2006లో అయిదింటిదియు జిల్లెట్టు సంస్థయే వెలువరించినది. మొదటి బ్లేడు వెండ్రుకను కొంచెము పైకి లాగును. అది లోనికి పోవులోపల తరువాతి బ్లేడు దానిని కోయును. అందువలన చర్మము మిక్కిలి నున్నగా నుండును, నిజమే. కాని చర్మపు మట్టమునకు లోపల తెగిన వెండ్రుక, ముఖ్యముగా ఉంగరములు తిరిగినది, మఱల పెరుగునపుడు బయటికి దారి తప్పి చర్మములోనికే గ్రుచ్చుకొని పొక్కులు లేపును. మెడమీద ఎఱ్ఱని పొక్కులతో బాధపడు యువకులకు వైద్యులు ఒక్క బ్లేడు కత్తిని సూచించుట ఈ కారణముచేతనే.

2002 ప్రాంతమున ఆ సంస్థవారు భారతీయుల కొఱకొక కత్తిని చేసి, అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున చదువు భారతీయ విద్యార్థులచేత పరీక్షింపజేసిరి. అందఱును మెచ్చిరి. ఆ కత్తిని మన దేశమునకు తేగా అది నచ్చలేదు! కారణము చాల చిన్నది. ఆ విద్యార్థులకు కొళాయి నీరు ధారగా నుండెను. ఇక్కడి గృహస్థుడు ఒక్క గిన్నె నీటితో గడ్డము ముగించును. ఆ గిన్నెలో ముంచి యాడించిన మాత్రమున కత్తిలో చిక్కిన వెండ్రుకలు వదలవు. పిమ్మట వారు మన దేశమునకే వచ్చి, ఇండ్లలో కూర్చుండి చూచి, 2010లో గార్డు అను కత్తిని వెలువరించిరి. అప్పటి వెల 15 రూపాయలు, మార్చు బ్లేడు 5 రూపాయలు. దానియందున్న బ్లేడు ఒక్కటే. అయిదు బ్లేడుల వఱకు ఎక్కిన సంస్థ గిన్నెడు నీటి యెదుట ఒక్కదానికి దిగివచ్చినది.

ఆ గిన్నెడు నీరైనను మనకు సరియైనది దొరకుట లేదు. 1970 వఱకు కర్నూలు జిల్లాలో నుండి, ఆ సంవత్సరమున ఒంగోలు జిల్లాలో చేరిన మన ప్రాంతము వానలు చాలని మెట్టభూమి. నల్లమల వాఁగులును, గుండ్లకమ్మకు కట్టిన కంభము చెఱువును ఉన్నను, పలు గ్రామములకు బోరునీరే గతి. భూమిలోని రాళ్ల గుండ ఇంకిన నీరు కాల్షియము, మెగ్నీషియము లవణములను కరగించుకొని కఠినజలమగును. సబ్బు అట్టి నీటియందు నురుగు కట్టదు. సబ్బులోని క్రొవ్వు ఆమ్లము కాల్షియముతో కూడి కరగని తెల్లని తెట్టుగా మాఱును. గిన్నె యంచున జిడ్డుగా నంటుకొనునది అదియే. సబ్బు ఎంత రుద్దినను ముందుగా ఆ లవణములన్నియు తీఱిపోవువఱకు నురుగు పుట్టదు. పుట్టినను నిమిషములో చచ్చును. నురుగు లేని గడ్డముపై కత్తి గీఱును, మండును, తెగును. అప్పుడు మనవాడు బ్లేడును నిందించి, వెల యెక్కువగల మఱియొక బ్లేడును కొనును. పాపము, బ్లేడు చేసిన తప్పేమియు లేదు.

దీనిని ఎవరికి వారు పరీక్షించి చూడవచ్చును. రెండు సమానమైన సీసాలలో సమముగా, ఒకదానియందు వాననీటిని, రెండవదానియందు బోరునీటిని పోయుడు. సబ్బును కొంచెము కరగించిన నీటిని ఒక్కొక్క చుక్కగా వేయుచు, మూతపెట్టి కుదుపుచు, నిలుకడగల నురుగు కట్టువఱకు ఎన్ని చుక్కలు పట్టినవో లెక్కింపుడు. స్కాట్లండు రసాయన శాస్త్రజ్ఞుడగు క్లార్కు పందొమ్మిదవ శతాబ్దమున ఏర్పఱచిన పరీక్షకు ఇది బాలుర రూపము. త్రాగునీటి కఠినత్వము లీటరుకు 200 మిల్లిగ్రాములు మించకుండుట మంచిదనియు, వేఱు నీరు దొరకనిచోట 600 వఱకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము చెప్పుచున్నది. మీ యింటి నీరు ఎంతవఱకు ఉన్నదో చుక్కల లెక్కయే సూచించును.

ఉపాయములు సులభములే. వాననీరు అన్నింటికంటె మేలు. నిండిన చెఱువు నీరును సాధారణముగా బోరునీటికంటె మృదువైనది. అవి లేనప్పుడు నీటిని పది నిమిషములు తెర్లకాచి, చల్లార్చి, అడుగున తెల్లని సున్నపు పొడి దిగిన పిదప పైని తేఱిన నీటిని మెల్లగా వంచుకొనవలెను. బైకార్బనేటులచేత కలిగిన కఠినత్వము దీనితో పోవును. సల్ఫేటులచేత, క్లోరైడులచేత కలిగినది పోదు. అట్టిచోట శుద్ధజల యంత్రమునుండి తెచ్చు త్రాగునీటిలో ఒక గ్లాసెడు తీసికొనిన చాలును. నురుగు కట్టుటకు అంతకంటె ఎక్కువ అక్కఱలేదు. ముఖము కడుగుట మొదలగు తక్కిన పనులన్నిటికిని బోరునీరు వాడవచ్చును. ఇచట నొక హెచ్చరిక చేయకుండ ముందునకు పోరాదు. మన ప్రాంతమున పలు గ్రామముల నీటియందు ఫ్లోరైడు కలదు. అది నురుగును చెఱుపదు గాని పండ్లను, ఎముకలను చెఱుచును. కాచుటవలన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది దాని పాలు హెచ్చును. గడ్డమునకై కాచి తేర్చిన నీరు త్రాగుటకు మంచిదని ఎవరును భ్రమపడరాదు.

ఇక పని క్రమము. స్నానము చేసిన వెంటనే గడ్డము గీసికొనుట ఉత్తమము. వెండ్రుకలు అప్పటికే తడిసియుండును. లేనిచో వేడినీట ముంచిన తువ్వాలను రెండు మూడు నిమిషములు గడ్డముపై నుంచవలెను. మృదుజలమున తడిపి విదిలించిన బ్రష్షుతో సబ్బును తీసికొని, ముఖముమీదనే గుండ్రముగా త్రిప్పుచు, మధ్యమధ్య రెండేసి చుక్కల నీటిని చేర్చుచు పెరుగు మీగడవలె చిక్కని నురుగు చేయవలెను. పెద్ద పెద్ద బుడగలు కనబడినచో నీరు హెచ్చినదని గుర్తు. ఎండి పొడిగా నున్నచో తగ్గినదని గుర్తు. తొందరపాటు గలవారు ఇచటనే చెడుదురు.

వెండ్రుకలు ఏ దిక్కునకు వాలియున్నవో పూర్వమే చేతితో నిమిరి తెలిసికొనుడు. చెంపలపై క్రిందికి వాలును. మెడమీద పలువురకు ప్రక్కలకో పైకో వాలును. మొదటిసారి వాలు దిక్కుననే గీయవలెను. ఒక చేతివ్రేళ్లతో చర్మమును బిగువుగా పట్టి, కత్తిని చర్మమునకు లంబకోణములో మూడవవంతు వాలుగా నుంచి, పొట్టి పొట్టి గీతలుగా నడపవలెను. అదుమరాదు. పిడి బరువే చాలును. ఒక్కసారికే నున్నన కావలెనను ఆశ విడువవలెను. కొంచెము మిగిలినచో మఱల నురుగు పూసి, అడ్డముగా నొకసారి గీసిన చాలును. ఎదురు దిక్కున గీయుట క్రొత్తవారికి తగదు. వెండ్రుక దినమునకు మిల్లీమీటరులో మూడవవంతు పెరుగును. పదునాఱేండ్ల బాలునికి వారమునకొకసారి చాలవచ్చును. తఱుచుగా గీసినచో గడ్డము ఒత్తుగా వచ్చునని బాలురు నమ్ముదురు. అది వట్టిమాట. తెగిన వెండ్రుక మొన మొద్దుగా నుండుటచేత గరుకుగా తోచును, అంతియే.

పిదప చన్నీట కడిగి, తడిసిన పటికముక్కతో చర్మమును రుద్దవలెను. చిన్న గాట్ల నెత్తురును పటిక ఆపును. ఎక్కడ మండునో అక్కడ కత్తి ఒత్తిడి హెచ్చినదని తెలియును. కాబట్టి అది ఔషధమును, పరీక్షకుడును గూడ. బ్లేడును నీట విదిలించి, నురుగు పోయిన పిదప గాలి తగులుచోట ఆఱనీయవలెను. గుడ్డతో వాదరను తుడువరాదు. వెండ్రుక ఉక్కుకంటె ఇంచుమించు ఏబది రెట్లు మెత్తనిదైనను బ్లేడును ఎట్లు మొద్దుపఱచునని మసాచుసెట్సు పరిశోధకులు సూక్ష్మదర్శిని క్రింద చూచి, 2020లో సమాధానము ప్రకటించిరి. వాదర అరుగుట మాత్రమే కాదు. వెండ్రుక వంగి ప్రక్కగా తగిలినపుడు ఉక్కునందలి బలహీనమైన చోట్ల సన్నని పెచ్చులు లేచుచున్నవట. ఎండిన బిరుసు వెండ్రుకలపై కత్తి నడపుట చర్మమునకే కాదు, బ్లేడునకును చేటని ఇందువలన ఊహింపవచ్చును.

వాడిన బ్లేడులను ఏమి చేయవలెను? అమెరికాలో పూర్వము స్నానశాలల గోడయందు సన్నని చీలిక యుంచి, దానిగుండ బ్లేడులను గోడలోనికే జాఱవిడిచెడివారు. మన యిండ్లలో చాలమంది పెంటకుప్పపై వేయుదురు. ఆ కుప్పలో పశువులు మేయును, పిల్లలు చెప్పులు లేక తిరుగుదురు, పారిశుద్ధ్యపు పనివారు చేతులతో ఎత్తుదురు. పాలపొడి డబ్బా మూతకు బ్లేడు పట్టునంత చీలిక చేసి, దానిని కిటికీ పైని పిల్లల చేతికి అందనిచోట నుంచినచో అది ఒక కుటుంబమునకు ఏండ్లకొలది సరిపోవును. నిండిన పిమ్మట మూతను, చీలికను గట్టిగా మూసి, లోపల నున్న దేమో చెప్పి, పాత ఇనుము కొనువానికి ఇయ్యవలెను.